పసుపు లైటుకు మూలకారణం

మా కారులో ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు ఒక సోమవారం పొద్దున మొదటిసారి వెలిగినప్పుడు నేను నాచారం సిగ్నల్ దగ్గర అద్దంలో చూసుకుంటూ పాపిడి సరిచేసుకుంటున్నాను. ఈ సంగతి మా ఆయనకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే లైటుకూ నా పాపిడికీ లంకె పెట్టగల మనిషి ఆయన.

ఎర్ర లైటు వస్తే బండి ఆపేయాలని డ్రైవింగ్ స్కూల్లో చెప్పారు. పసుపు లైటు గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. అది వెలిగి అలా ఊరుకుంటుంది. మా ఆడబిడ్డ అలిగినప్పుడు కూడా అంతే, ఎందుకో చెప్పదు, మామూలుగానూ ఉండదు. ఆ పొద్దున ఆఫీసు గేటు దాకా నేను దారి చూడటం మానేసి ఆ లైటునే చూస్తూ వెళ్లాను.

నాచారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో నా ఉద్యోగం. గోళీలు ఉండాల్సినట్టు ఉన్నాయా లేదా అని చూడటం పని. ఎక్కడైనా తేడా వస్తే ఎందుకు అని అడగాలి. జవాబు వస్తే దానికీ ఎందుకు అని అడగాలి. అలా మూలకారణం దొరికేదాకా తవ్వాలి. ఒక్క జవాబు మాత్రం మా సారు ఒప్పుకోడు. ‘మనిషి తప్పు’ అని రాస్తే ఆ కాగితం తిరిగి మన బల్ల మీదికే వస్తుంది. మనిషి తప్పు చేశాడు సరే, ఎందుకు చేశాడో అది రాయమంటాడు. ఏళ్ల తరబడి ఇదే పని చేసీ చేసీ, ఇంట్లో పాలు విరిగినా నేను విచారణ మొదలుపెడతాను. మా ఆయన దీనికి అలవాటుపడ్డాడు గానీ ఏనాడూ సంతోషించలేదు.

కారు గురించి కూడా చెప్పాలి. సెకండ్ హ్యాండుది, నా జీతంలో కూడబెట్టి నేనే కొన్నాను. అంతకుముందు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి, వచ్చిన బస్సులో ఒంటి కాలి మీద వేలాడి, నాచారంలో దిగేసరికి సగం ప్రాణం పోయేది. కారు వచ్చాక ట్రాఫిక్ ఏమీ తగ్గలేదు. కానీ ఆ అరగంట నాది. ల్యాబులో సారు అడుగుతుంటాడు, ఇంట్లో మా ఆయన తన టవలు తానే వేలాడదీసిన చోట కనిపించక అడుగుతుంటాడు. కారులో ఉన్నంతసేపు నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఆ అరగంట కోసం నేను ఎవరితోనైనా కొట్లాడతాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి లైటు సంగతి చెప్పాను. మా ఆయన టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే తీర్పు ఇచ్చేశాడు.

“క్లచ్చు మీద కాలు పెట్టి నడుపుతవ్. నీ డ్రైవింగే, ఇంకేం లేదు.”

“క్లచ్చు మీద కాలు పెడితే ఇంజిన్ లైటు ఎందుకొస్తది?”

“ఎందుకేంది? వస్తది. అందరికి తెల్సు.”

“అందరికంటే ఎవరికి?”

ఆయన టీవీ సౌండు పెంచాడు. మా ఇంట్లో విచారణలు సాధారణంగా ఇక్కడే ఆగుతాయి.

అత్తమ్మ మాత్రం వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె జనగామ వైపు పల్లె నుంచి కొడుకు వెంట పట్నం వచ్చిన మనిషి. ఫోన్లో నేను తీసిన ఫొటో చూపిస్తే దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది.

“నల్లా బొమ్మ గదా బిడ్డా ఇది. నీళ్లు పొయ్యలేదేమో.”

నిజంగానే ఆ బొమ్మ నల్లాలాగే ఉంది. ఇంజిన్ అని చెప్పాను. ఆమె మొహం చిన్నబోయింది. ఇంజిన్ అంటే ఆమె లెక్కలో గుండెకాయ. కళ్లు మూసుకుని అక్కడే నిలబడి ప్రార్థన చేసి, “జర పైలం బిడ్డా” అని మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది.

మెకానిక్ షెడ్డు నాచారంలో లేతు మిషన్ల గల్లీలో ఉంటుంది. ఆ అన్నకు ధైర్యం ఎక్కువ. బండి చూడకముందే జబ్బు చెప్పేస్తాడు, చూశాక ఆ జబ్బునే వెతుక్కుంటాడు. స్టీరింగ్ కింద ఏదో డబ్బా తగిలించి, ఫోన్లో వచ్చిన అంకెలు చదివాడు.

“గాలి కొలిచే సెన్సర్ అంటున్నది అక్కా. పరేషాన్ గాకు, తీసేస్తున్న.”

“ఏం తీసేస్తవన్నా, సెన్సరా?”

“లైటక్కా.”

లైటు పోయింది. ఎందుకొచ్చిందని అడిగితే దుమ్ము అన్నాడు. ఉప్పల్‌లో ఏళ్లుగా కడుతున్న ఫ్లైఓవర్ కింద రోజూ పోయే బండికి దుమ్ము పట్టక ఏం పడుతుందని ఎదురడిగాడు. నాకు నమ్మకం కుదరలేదు. అదే దుమ్ములో వందల బండ్లు తిరుగుతున్నాయి, వాటిలో నల్లా బొమ్మలు వెలగడం లేదు.

తర్వాతి సోమవారం మళ్లీ వెలిగింది. ఈసారి బండి ఎక్సలేటర్ తొక్కితే ముక్కుతూ కదిలింది. మెకానిక్ సెన్సర్ ఊడదీసి, మందు కొట్టి, తుడిచి పెట్టాడు. ఈలోపు నాకు సలహాలు వాటంతట అవే వచ్చి పడ్డాయి. ల్యాబులో పక్క బల్ల ఆమె పెట్రోలు కల్తీ అంది. మా ఇంటి ఓనరు ఎలుకలన్నాడు, బానెట్‌లో పొగాకు కాడలు పెట్టమన్నాడు. అందరికన్నా ముందు ఫోన్ చేసింది మా ఆడబిడ్డ భర్త. ఆయన మా ఆయనకు బావ, వరుసకు నాకు అన్న. చెంగిచెర్లలో ఉంటాడు, ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. నేను కారు కొన్న రోజు నుంచీ ఆయనకు ఆ కారు మీద కన్ను.

“చెల్లె, పసుపు లైటు రెండుసార్లు వచ్చిందంటే ఇగ ఇంజిన్ పోయినట్టే. నువ్వు ఫికర్ జెయ్యకు. ఎవలకు పడితె వాళ్లకు అమ్మకు. నేనే తీస్కుంట, ఇంట్లోనే ఉంటది.”

పోయిన ఇంజిన్ ఆయనకెందుకో నేను అడగలేదు. పిల్లి ఎలుకకు సాక్ష్యం చెప్పినట్టుంది ఆయన జాలి.

మూడో సోమవారం లైటు వచ్చేసరికి నేను నీరసపడిపోయాను. మెకానిక్ ఈసారి బానెట్ ఎత్తి, గాలి ఫిల్టర్ ఉండే నల్ల డబ్బా క్లిప్పులు ఊడదీశాడు. లోపల మడతలు మడతలుగా ఉండే కాగితపు ఫిల్టర్. దాన్ని పైకెత్తగానే అతని మొహం మాడిపోయింది. కాగితమంతా నూనెలో తడిసి దుమ్ముతో కలిసి బురదలా ఉంది.

“రింగులు పోయినయక్కా. లోపటి ఆయిల్ ఎదురు కొడ్తున్నది, ఈ డబ్బలకే వస్తున్నది. ఇంజిన్ దించాలె.”

కొత్త ఫిల్టర్ పెట్టి, లైటు తీసేసి, నడిచినన్నాళ్లు నడుపుకోమన్నాడు. పెద్దాసుపత్రి డాక్టరు ఇంటికి తీసుకెళ్లమన్నట్టే ఉంది ఆ మాట.

ఇంట్లో మా ఆయన చాలా శాంతంగా విన్నాడు. గెలిచినవాళ్లకు శాంతం సులువు. “నేను ముందే అన్న గదా” అనడానికి బదులు నీళ్లు తాగాడు. తర్వాత బావకు ఫోన్ చేశాడు. ఆదివారం నైట్ డ్యూటీ ఉందని, సోమవారం పొద్దున డ్యూటీ దిగి అటు నుంచే వచ్చి బండి తీసుకుపోతానని ఆయన చెప్పాడు. ఇంజిన్ దించడానికి అయ్యే ఖర్చు విన్నాక నేనూ సరే అన్నాను. అత్తమ్మ గోడకానుకుని కూర్చుని అంతా వింది. నేను స్నానాల గదిలో నల్లా విప్పి ఏడ్చాను. ఒక యంత్రం కోసం ఏడవడం సిగ్గుగానే అనిపించింది, అయినా ఏడుపు ఆగలేదు.

అయితే ఆ వారం బండి ఎంత బాగా నడిచిందని. మంగళవారం నడిచింది, శనివారమూ నడిచింది. లైటు లేదు, ముక్కుడు లేదు. ఇంజిన్ పోయిన బండికి ఇంత ఉత్సాహం ఎక్కడిదని నాకు అనుమానం పుట్టింది. ల్యాబులో ఏదైనా ఫలితం ప్రతి వారం ఒకే రోజున పాడవుతుంటే, మేం ఆ రోజును వదిలేసి దాని ముందు రోజును చూస్తాం. లైటు మూడుసార్లూ సోమవారమే వచ్చింది. మరి ఆదివారం ఏం జరుగుతోంది?

ఏమీ జరగదు. చర్చి మా వెనక గల్లీలోనే ఉంది, నడిచే వెళ్తాం. బండి గేటు లోపల నీడపట్టున ఉంటుంది. చర్చి నుంచి వచ్చి కోడికూరతో అన్నం తిన్నాక అత్తమ్మ నా తలకు నూనె రాస్తుంది. అది మామూలు కొబ్బరినూనే, కానీ ఆమె సీసాను చర్చికి తీసుకెళ్లి ప్రార్థనలో పెట్టించి తెస్తుంది. తలనొప్పికి అదే, మోకాళ్లకు అదే, జ్వరమొస్తే దవాఖానా కంటే ముందు అదే. మా ఆయన బట్టతల మీద తప్ప అన్నిటి మీదా పనిచేసింది. ఆ నూనె పడితే నాకు సాయంత్రం దాకా మెలకువ రాదు. అంటే నేనూ పడుకుంటాను, బండీ పడుకుంటుంది. మనుషులు ఆదివారం విశ్రాంతి తీసుకుంటే సోమవారానికి తేరుకుంటారు, మా బండి మాత్రం సోమవారానికి జ్వరం తెచ్చుకుంటోంది.

మా ఆయన బావ వచ్చే సోమవారం రానే వచ్చింది. డిసెంబరు చలి, గేటుకు కట్టిన క్రిస్మస్ నక్షత్రం ఇంకా వెలుగుతూనే ఉంది. బండిని చివరిసారి తుడుద్దామని గుడ్డ పట్టుకుని బయటికొచ్చాను. తుడుస్తూ తుడుస్తూ చేయి బానెట్ దగ్గర ఆగింది. మెకానిక్ చేయగా చూశాను కదా, క్లిప్పులే కదా అనుకుని నల్ల డబ్బా తెరిచాను.

వారం కింద పెట్టిన కొత్త ఫిల్టర్ మీద తెల్లగా, పేరిన నెయ్యిలా ఏదో గడ్డకట్టి ఉంది. మడతల మధ్య కూడా నిండిపోయింది. ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉంటుంది, ఉప్పల్ చలికి అది పేరుకోదు. కొంచెం వేలితో తీసి రుద్దాను. వేలి వేడికి ఇట్టే కరిగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇది ఏమిటో తేల్చడానికి నాకు ఏ మిషనూ అక్కర్లేదు. నిన్న మధ్యాహ్నం ఇదే వాసనలో నేను నిద్రపోయాను.

మొదట నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. మూడు వారాలు నా డ్రైవింగును ఆడిపోసుకున్నారు, నేను నల్లా కింద ఏడ్చాను, ఇక్కడేమో ఇంజిన్‌కు తలంటు జరుగుతోంది. ఫిల్టర్ చేతిలో పట్టుకుని ఇంట్లోకి వెళ్లబోతుంటే గేటు దగ్గర ఆటో ఆగిన చప్పుడైంది. బావ దిగాడు. మా ఆయన తాళంచెవి పట్టుకుని బయటికొచ్చాడు. వెనకే అత్తమ్మ, అల్లుడొచ్చాడని కొంగు నెత్తిమీదికి లాక్కుని, ట్రేలో చాయ్ తీసుకుని వచ్చింది.

నా చేతిలో ఫిల్టర్ చూడగానే ఆమె అడుగు ఆగిపోయింది.

“ఏందది?” అన్నాడు మా ఆయన.

అక్కడ నా నాలుక చివర మొత్తం విచారణ సిద్ధంగా ఉంది. ఒక్క మాట చాలు, బండి నాది, గెలుపు నాది, మా ఆయన కనీసం పండుగ దాకా నా మాట వింటాడు. కానీ అల్లుడి ముందు కూర్చోవడానికి కూడా మొహమాటపడే మనిషి ఆమె. కూతురినిచ్చిన ఇంటి మనిషి ముందు, అత్త ఇంజిన్‌లో నూనె పోసిందని ఎలా చెప్పను? రేపు చెంగిచెర్లలో ఆ ముచ్చటే టిఫిన్‌కి ముందూ వెనకా నడుస్తుంది. ఆమె మొహం చూశాక నా కోపం ఎటు పోయిందో తెలియదు.

“ఏమో. మైనం లెక్క ఉంది,” అన్నాను.

బావ తొంగి చూసి తల ఊపాడు. “ఇంజిన్ మొత్తం పోయింది బావా. గిట్ల తెల్లగొచ్చిందంటే ఇగ ఆఖరే. నేను గాబట్టి తీస్కుంటున్న.”

మా ఆయన తాళంచెవి చాపాడు. బావ చేయి చాపాడు. నేను తల తిప్పుకున్నాను.

“ఆగు అల్లుడా.”

అత్తమ్మ ట్రేను పిట్టగోడ మీద పెట్టింది. కొంగు సరిగ్గా కప్పుకుంది. అల్లుడి వైపు చూడకుండా కొడుకు వైపు చూసి చెప్పింది.

“ఇంజిన్ మంచిగనే ఉంది. ఆ నూనె నేను పోసిన.”

మా ఆయన నోరు తెరిచి మూశాడు. ఆయన అలా చేయడం నేను పెళ్లయ్యాక చూడటం అదే మొదటిసారి.

“ఎందుకు పోసినవమ్మా?”

“పాస్టరయ్య బండి కోసం ప్రార్థన జేసిననాడు స్టీరింగుకే నూనె రాసిండు. స్టీరింగు ఏం జేస్తది? పని జేసేది ఇంజిన్ గదా. ఆదివారం కోడలు పండుకున్నంక బానెట్ లేపి సూసిన. ఈ డబ్బకు టిఫిన్ డబ్బ లెక్క క్లిప్పులున్నయ్. తీస్తె లోపట కాయితాలు, బైబిల్ పేజీల లెక్క. ఇదే అసలుదని కొంచెం పోసిన. తెల్లారి లైటొచ్చిందన్నది. నూనె సరిపోలేదేమోనని ఇంకింత పోసిన. మళ్ల వచ్చిందన్నది, ఇంకింత పోసిన.”

“ఇంజిన్ పోయిందని చెప్పినంక కూడ పోసినవా?” అన్నాడు మా ఆయన.

“నిన్న సీస మొత్తం పోసిన. బండి అమ్ముడువోవద్దని.”

బావ చాపిన చేతిని ఏం చేయాలో తెలియక చాయ్ కప్పు అందుకున్నాడు. నాకు అప్పటికే నవ్వు పొట్టలో తిరుగుతోంది. లైటు వచ్చినందుకు నూనె, నూనె పోసినందుకు లైటు. ఇంత చక్కగా గుండ్రంగా తిరిగే మూలకారణం నా ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు.

మా ఆయన మాత్రం తేరుకుని నా వైపు తిరిగాడు. ఓడిపోయిన చోట కూడా ఒక ముక్క ఏరుకోవడం ఆయనకు అలవాటు.

“నేను మొదటి నుంచి అంటనే ఉన్న. మనిషి తప్పే అని.”

“మనిషి తప్పే. అది మా సారు ఒప్పుకోడు,” అన్నాను. అత్తమ్మ వైపు తిరిగి అడిగాను. “బండి అమ్ముడువోవద్దని ఎందుకనుకున్నవ్ అత్తమ్మా? నేను రోడ్డెక్కితే నీకు భయం గదా.”

“భయమే. నువ్వొచ్చేదాంక నా పాణం ఈ గేటు కాడనే ఉంటది.” ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. “బస్సుల పోయిననాడు సాయంత్రమొచ్చి మంచంల ఒరుగుతుంటివి. నేను పలకరిస్తె కూడ పలకకపోతుంటివి. కారొచ్చినంక పాట పాడుకుంట గేటు తీస్తున్నవ్ బిడ్డా.”

నేను పాడతానని నాకే తెలియదు. ఆ అరగంట నా ఒక్కదానిదే అనుకున్నాను ఇన్నాళ్లూ. గేటు ఇవతల ఒకావిడ నిలబడి దాని చివరి ముక్క రోజూ వింటోంది. నవ్వు వచ్చిన దారిలోనే ఏడుపు కూడా వచ్చింది, అందరి ముందూ, నల్లా శబ్దం అడ్డం లేకుండా.

బావ రెండో కప్పు చాయ్ కూడా తాగి, తన మోటారుసైకిల్ ఈ మధ్య కిక్కు కొట్టినా లేవడం లేదని, ఆ నూనె ఏమైనా మిగిలిందా అని నవ్వకుండా అడిగాడు. లేదని చెప్పింది అత్తమ్మ, అంతే సీరియస్‌గా. ఆయన ఉత్త చేతులతో చెంగిచెర్ల వెళ్లిపోయాడు. మెకానిక్‌కు సంగతి చెబితే క్షణం ఆలోచించి, “నేను అప్పుడే అనుకున్నక్కా” అన్నాడు. ఏమనుకున్నాడో చెప్పలేదు. డబ్బా కడిగి, సెన్సర్ తుడిచి, ఇంకో ఫిల్టర్ పెట్టాడు. లైటు మళ్లీ రాలేదు.

కానీ మూలకారణం దొరికితే సరిపోదు, అది మళ్లీ జరగకుండా ఏం చేశామో కూడా చూపాలి. మరుసటి ఆదివారం అత్తమ్మ కొత్త సీసాతో చర్చి నుంచి వచ్చి, నా తలకు రాయకుండా కారు వైపు చూస్తూ గుమ్మంలో నిలబడిపోయింది. పాపం, చేయి ఊరుకోవడం లేదు.

“నేనిగ దీనికి ఏడ రాయాలె బిడ్డా?”

“నడిపేది నేను గదా అత్తమ్మా. రేపు పొద్దున నాకు రాయి.”

అప్పటి నుంచి సోమవారం పొద్దున నేను సీటులో కూర్చున్నాక ఆమె కిటికీలోంచి చేయి పెట్టి, నా నుదుటి మీద బొటనవేలితో రాసి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేస్తుంది. చలికాలం కదా, నూనె పేరుకుని ఉంటుంది, నుదుటి మీద కరగడానికి కాసేపు పడుతుంది. మా ల్యాబులోకి వెళ్లేటప్పుడు ఒంటి మీద నూనె, పౌడరు ఏవీ ఉండకూడదు, అది రూలు. కంపెనీ గేటు దగ్గర బండి ఆపి, అద్దంలో చూసుకుని, టిష్యూ కాగితంతో శుభ్రంగా తుడుచుకుంటాను. ఉప్పల్ నుంచి నాచారం దాకా మాత్రం తుడవను.